సగం తిప్పిన తాళంచెవి

బల్ల మీద రెండు తాళాలున్నాయి. ఒకటి మాది, రెండోది మాది కాదు. పక్కపక్కన పెడితే కన్నతల్లి కూడా పోల్చుకోలేని కవలల్లా ఉన్నాయి. పోయినవారం నేను ఊపిరి బిగబట్టి ఆగింది అక్కడే. మరిచిపోయినవాళ్ళ కోసం, ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

మాది తాళాల ఇల్లు. కింద వర్క్‌షాపు, పైన కాపురం. నాన్న పెట్టిన షాపు ఇది. ఇప్పుడు బేరసారాలు అన్నయ్య చూస్తాడు, కొత్త తాళాలు నేను కాగితం మీద గీస్తాను, గీసినదాన్ని ఇనుములో నిలబెట్టేది మేస్త్రి. ఈమధ్య ఎక్కడ చూసినా అద్దం తలుపులే. అద్దం చుట్టూ ఉండే చట్రం రెండు వేళ్ళ వెడల్పుంటే గొప్ప, అదీ లోపలంతా బోలు. మామూలు తాళంలో గడియ వెనక్కి జరిగి పెట్టెలోకి వెళ్ళాలి. రెండు వేళ్ళ చట్రంలో వెనక్కి జరగడానికి చోటెక్కడిది? పోనీ గడియని పొట్టిగా కోసి సరిపెడదామా అంటే, భుజం ఆనించి ఒక్క తోపు తోస్తే తలుపు తెరుచుకుంటుంది. అందుకని నేను గడియని జరపడమే మానేశాను. నా తాళంలో అది పెట్టెలో నిటారుగా నిలబడి ఉంటుంది. తాళంచెవి తిప్పగానే, గేటు దగ్గర కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టినట్టు, బయటికి చాచుకుని అవతలి చట్రాన్ని కొక్కెంలా పట్టుకుంటుంది. ఇక తోసినా రాదు, లాగినా రాదు.

ఆ తాళం ఇంకా బజారు మొహం చూడలేదు. కొత్తగా లేస్తున్న ఒక ఆఫీసు భవనం తలుపులన్నిటికీ ఇస్తామని కాంట్రాక్టరుతో మాట మాత్రం అయింది. ఈలోగా వంతెన అవతల మాకు పోటీగా తాళాలమ్మే పిల్లికళ్ళాయన షాపులో అచ్చం అలాంటిదే, తళతళలాడే నికెల్ పూతతో, అద్దాల బీరువాలో ప్రత్యక్షమైంది. అక్కణ్ణుంచి కొనితెచ్చిందే ఈ రెండో తాళం. మా ఇంట్లోంచే ఎవరో ఇచ్చారు. ఎవరన్నది ఆలోచించడానికి అన్నయ్యకి ఒక పూట కూడా పట్టలేదు. మేస్త్రే ఇచ్చాడన్నాడు. సాయంత్రం కాంట్రాక్టరు మనిషి వచ్చేసరికి మేస్త్రి ఈ షాపులో ఉండకూడదన్నాడు. దొంగని పంపించేశామని చెప్పుకుంటేనే కదా బేరం నిలిచేది!

ఇదీ జరిగింది. ఇప్పుడు మధ్యాహ్నం దాటింది. మేస్త్రి తన సామాను సర్దుకుంటున్నాడు.

సర్దుకునే తీరే నాకు ఒళ్ళు మండించింది. ఇనుము అరగదీసే ఆకురాళ్ళు ఒక్కొక్కటే తుడిచి పాత గుడ్డలో చుట్టుకుంటున్నాడు. నాన్న ఈ షాపు తెరిచిన రోజు నుంచీ ఇక్కడే తల నెరిసిన మనిషి. దొంగతనం అంటగడితే అరవద్దూ? కనీసం సుత్తి అయినా విసిరి కొట్టద్దూ? తేలుకుట్టిన దొంగలా నోరు మెదపడే!

"మేస్త్రిగారూ, ఏదో ఒకటి అనండి. నేను కాదు అనైనా అనండి" అన్నాను.

"నమ్మేవాళ్ళకి చెప్పక్కర్లేదు చిన్నమ్మా, నమ్మనివాళ్ళకి చెప్పి లాభం లేదు. ఆ గుండ్రటి ఆకురాయి ఇలా ఇయ్యి. అది నాదే."

నిజం చెప్పొద్దూ, నాకూ అనుమానం వచ్చింది. తప్పు చెయ్యని మనిషికి ఇంత నిదానం ఎక్కణ్ణుంచి వస్తుంది? పైగా సర్దుకుంటూ సర్దుకుంటూ మాటిమాటికీ నాన్న వైపు చూస్తున్నాడు. నాన్న బల్ల పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయి, మాటకి నత్తి పట్టినప్పటి నుంచి పొద్దున్నే ఆ కుర్చీలో దించితే సాయంత్రం దాకా అక్కడే. ఆ చెయ్యి ఎప్పుడూ ఒళ్ళో శాలువా కింద ఉంటుంది. ముద్ద వదిన పెట్టాలి, గ్లాసు వదిన పట్టాలి.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు" అన్నాడు అన్నయ్య, గుమ్మంలో నిలబడి చేతులు కట్టుకుని. "నేను పట్టానా లేదా?"

"పట్టావులే. ఈశ్వరుడు అర్జీ పెట్టుకుంటే ఆయనకీ నేర్పుదువు గాని."

విసురుగా పిల్లికళ్ళాయన తాళాన్ని లాక్కుని విప్పాను. చేతులకి పనుంటే నోటికి కాస్త తెరిపి. పైరేకు తీసి పక్కన పెట్టి, కొక్కెం పట్టుకుని వెలుతురులోకి వంచాను. కొక్కెం కింది పెదవి మీద ఏటవాలుగా ఒక చెక్కుడు. ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థం కాగానే నవ్వాగలేదు. అన్నయ్య నాకు మతి పోయిందనుకున్నాడు.

"ఏంటే ఆ నవ్వు?"

"మన తలుపు వంకరకి వాళ్ళు నికెల్ పూత పూశారన్నయ్యా!"

మా షాపులో ఒక ఆనవాయితీ ఉంది. ఏ కొత్త తాళమైనా మొదటి ముక్కని ముందుగదికీ వర్క్‌షాపుకీ మధ్య ఉన్న అద్దం తలుపుకే బిగిస్తాం. ఇంట్లోవాళ్ళం దాన్ని తిప్పి తిప్పి, తిట్టుకుని, బాగున్నదో లేదో తేలుస్తాం. ఆ తలుపు నేల కుంగి కొద్దిగా ఒరిగింది. అందుకని నా తాళం కొక్కెం అవతలి కన్నంలో దూరక పెదవి దగ్గర రాసుకునేది. తలుపుని సరిచేసే ఓపిక లేక కొక్కేన్నే ఆకురాయితో కాస్త ఏటవాలుగా అరగదీశాను. అది ఆ ఒక్క తలుపు కోసం చేసిన సర్దుబాటు. నా గీతల్లో లేదు. మేస్త్రి చేసిన ముక్కల్లో లేదు. కానీ పిల్లికళ్ళాయన, అదేదో పెద్ద రహస్యం అనుకుని, తన తాళాలన్నిటికీ భక్తిగా చెక్కించాడు.

"చూడు" అని అన్నయ్య ముక్కు కింద పెట్టాను. "గీత చూసి చేసింది కాదిది. మేస్త్రిగారు చేసిన ముక్క చూసి చేసిందీ కాదు. మన తలుపుకున్న తాళాన్ని విప్పి, వంతెన దాటించి, మళ్ళీ తెచ్చి బిగించారు."

అన్నయ్య తెలివితక్కువవాడేం కాదు. కొక్కేన్ని వేలితో తడిమి చూశాడు. అయినా పట్టు వదల్లేదు.

"అయితే ఏమైంది? తలుపుకున్న తాళం విప్పడం మేస్త్రికి రాదా?"

ఆ మాటా నిజమే. లేచి తలుపు దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చున్నాను. తాళం బిగించాక చట్రానికి రంగు వేయించాం. తాళం అంచు చుట్టూ ఆ రంగు పొర బ్లేడుతో గీసినట్టు తెగి ఉంది. విప్పిన మాట ఖాయం. స్క్రూల తలల మీద గాట్లు మాత్రం అన్నీ నిలువుగా నిలబడి ఉన్నాయి. నాన్న చేతికింద పని నేర్చినవాళ్ళకి అది చెయ్యి కడుక్కున్నంత అలవాటు. గాటు పక్కకి తిరిగి ఉంటే నాన్న ఊరుకునేవాడు కాదు, మళ్ళీ విప్పించేవాడు. అంటే విప్పిందీ బిగించిందీ బయటివాడు కాదు. ఈ గదిలో మనిషే. ఆ మాట మనసులో అనుకోగానే వీపు మీద ఎవరో చూస్తున్నట్టు అనిపించింది. వెనక్కి తిరిగితే అందరూ చూస్తూనే ఉన్నారు.

అప్పుడే చట్రం అడుగున ఉన్న చిన్న మూత మీద నా కన్ను పడింది. దాని మీద రంగు ఎక్కడా తెగలేదు. వేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

ఏం చెయ్యాలో తెలిసింది.

"మేస్త్రిగారూ, వెళ్ళేముందు ఒక్క పని చేసిపెట్టండి. ఈ తాళం విప్పి నా చేతికివ్వండి."

"ఇప్పుడెందుకే?" అన్నాడు అన్నయ్య.

"నా తాళం, నా ఇష్టం."

మేస్త్రి గుడ్డమూట పక్కన పెట్టి నాన్న వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. తర్వాత వచ్చి, పనివాడెవడైనా చేసేదే చేశాడు. తాళంచెవి బయటికి లాగి జేబులో వేసుకున్నాడు, పై స్క్రూ తీశాడు, కింది స్క్రూ తీశాడు. నాన్న కళ్ళు మూసుకున్నాడు. మేస్త్రి పెట్టెని ముందుకి లాగీ లాగగానే లోపల టక్కుమంది. ఆ వెంటనే బోలు చట్రంలో ఏదో గలగలా జారుకుంటూ పోయి అడుగున ఠంగుమని పడింది.

"అయ్యయ్యో!" మేస్త్రి రెండడుగులు వెనక్కి వేశాడు. "కొక్కెం జారిపోయింది చిన్నమ్మా! ఇదేమిటి, నేను చేసినవాటిల్లో ఎప్పుడూ ఇలా పడలేదే?"

ఆయన అరచేతిలో కొక్కెం తిరిగే సన్నటి ఉక్కు పిన్ను ఒక్కటే మిగిలింది. దాన్ని తెచ్చి జాగ్రత్తగా బల్ల మీద, నాన్న కుర్చీ పక్కన పెట్టాడు. చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకు దొంగ వణుకు కాదు. మంచి పనివాడి చేతిలో పని చెడితే వచ్చే వణుకు. దాన్ని నటించే మనిషి ఇంకా పుట్టలేదు.

"మీరు చేసినవాటిల్లో కొక్కెం కింద చిన్న గట్టుంది. ఇందులో లేదు" అని ఆయనకి చెప్పి, అన్నయ్య వైపు తిరిగాను. "ఇది మొదటి ముక్క. చెవి లాగేసి విప్పితే లోపలి స్ప్రింగు తన్ని కొక్కేన్ని చట్రంలోకి తోసేస్తుంది. చట్రం అడుగు మూత ఊడదీస్తే గానీ మళ్ళీ చేతికి రాదు. ఆ మూత మీద రంగు చూడు. తెగలేదు. ముందు విప్పినవాడి చేతిలో కొక్కెం పడలేదు. ఎందుకు పడలేదు?"

అన్నయ్య వంగి మూత మీద వేలు పెట్టి చూశాడు. వాడికీ గుర్తొచ్చింది.

తాళం బిగించిన రోజున మొదటిసారి కొక్కెం మా చేతిలోనూ ఇలాగే పడిపోయింది. అన్నయ్య తలుపు ఎత్తి పట్టుకుంటే నేను మూత తీసి, నేల మీద బోర్లా పడుకుని బయటికి లాగాను. నాన్న కుర్చీలోంచే నత్తినత్తిగా గదమాయించాడు. 'చెవి సగం తిప్పి ఉంచి కదపండర్రా, స్ప్రింగు సద్దుమణిగి ఉంటుంది, పడదు.' అలాగే చేశాం. పడలేదు. మర్నాడే నేను గీతలో గట్టు చేర్చాను. సొంత తలుపుకున్న ముక్కని మార్చడానికి మాత్రం ఎవరికీ తీరిక చిక్కలేదు. మేస్త్రి అప్పుడు ఊళ్ళోనే లేడు, కూతురి పురుడికి వెళ్ళాడు. ఆ మొదటి ముక్క నేనే చేసుకున్నాను.

"సగం తిప్పి ఉంచాలని తెలిసినవాళ్ళు ముగ్గురే" అన్నాను. "నేను, నువ్వు, నాన్న."

ఎవరూ చెప్పకుండానే అందరి కళ్ళూ నాన్న ఒళ్ళో శాలువా మీదికి వెళ్ళి, అంతే త్వరగా వెనక్కి వచ్చేశాయి. స్క్రూ మాట దేవుడెరుగు, చెంచా పట్టలేని చెయ్యి అది.

"అంటే నేనా?" అన్నాడు అన్నయ్య.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు వాడి చెయ్యి చొక్కా మీదికి పోయింది.

"నేను కాదని నాకు తెలుసు" అన్నాను.

"నువ్వు కాదని నాకెలా తెలుస్తుంది?" వాడి గొంతు లేచింది. "తాళం నీది, గీత నీది. ఆ పిల్లికళ్ళాయన నిన్ను తన షాపులో పనికి రమ్మని కబురు పెట్టాడా, లేదా?"

నిజంగానే పెట్టాడు. రానన్నాను. ఈ సంగతి నేను చెప్పింది ఒక్క వదినకి. ఆవిడ అప్పుడే టీ గ్లాసులతో మెట్లు దిగి వస్తోంది. నేను చూసిన చూపుకి మెట్టు మీదే ఆగిపోయింది.

"నన్నలా చూస్తావేంటి? నేనేమీ ఊళ్ళో చాటింపు వెయ్యలేదు. మొగుడికి చెప్పాను. అదీ నిద్రపోతున్నాడనుకుని."

"నేను నిద్రపోలేదు" అన్నాడు అన్నయ్య. "అప్పట్నుంచీ నిద్రే పోలేదు. నువ్వెందుకు చెప్పలేదే నాకు? మనసులో ఏమీ లేకపోతే చెప్పేదానివి కదా?"

"చెబితే ఇదిగో, ఇలాగే చూస్తావని. లోపల నన్ను దొంగనుకుంటూ, ఆ మాట నా మొహం మీద అడగలేక ఆయన మీదికి తోశావన్నమాట!"

"నిన్ను కాపాడదామనే తోశాను!"

ఆ మాట వాడి నోట్లోంచి జారిపోయింది. గదిలో ఉన్న అందరం విన్నాం. మేస్త్రీ విన్నాడు. తల వంచుకుని గుడ్డమూట ముడి మీద చెయ్యి వేశాడు గానీ విప్పనూ లేదు, బిగించనూ లేదు. చాలాసేపటి నుంచి నాకు వస్తున్నది కోపం అనుకున్నాను. కాదు, ఏడుపు. సొంత అన్న నేను దొంగనని నమ్మాడు. నమ్మి, నా బదులు ఒక ముసలాయన్ని రోడ్డు మీదికి గెంటబోయాడు. అది ప్రేమే అంటారేమో వాడు. అలాంటి ప్రేమని నేనేం చేసుకోను?

"నేను ఇవ్వలేదన్నయ్యా" అన్నాను. "నాన్న మీద ఒట్టు."

"నేనూ ఇవ్వలేదు!"

"మరి తలుపు తనంతట తనే నడిచి వెళ్ళిందా వంతెన అవతలికి?"

"నాకేం తెలుసే!" అని అన్నయ్య బల్ల మీద దబ్బున గుద్దాడు.

బల్ల మీద ఉన్నవన్నీ ఎగిరిపడ్డాయి. ఆకురాయి కింద పడింది. వదిన చేతిలో టీ తొణికింది. ఇందాక మేస్త్రి పెట్టిన ఉక్కు పిన్ను దొర్లడం మొదలుపెట్టింది. అగ్గిపుల్లలో సగం కూడా ఉండదు అది. కింద నేలంతా ఇనుపరజను. అందులో పడితే దాన్ని మరిచిపోవలసిందే. నేను చెయ్యి చాపాను, అందలేదు. పిన్ను అంచు దాటి జారిపోయింది.

శాలువా కదిలింది. నాన్న కుడిచెయ్యి అందులోంచి బయటికొచ్చి, పడుతున్న పిన్నుని గాల్లోనే రెండు వేళ్ళతో పట్టుకుంది.

నాన్న కూడా తన చేతిని మాలాగే చూస్తున్నాడు. అది ఆయన్ని అడక్కుండా చేసిన పనిలా ఉంది. జీవితమంతా చిన్నచిన్న ముక్కలు నేల మీద పడకుండా పట్టుకున్న చెయ్యి. పడుతున్నది కనపడితే ఆగలేకపోయింది.

"మావయ్యగారూ" వదిన గొంతు పీలగా వచ్చింది. "పొద్దున ఈ చేత్తో గ్లాసు పట్టుకోలేరనే కదండీ నేను పట్టాను?"

నాకు నాన్న మొహం చూసే ధైర్యం లేక మేస్త్రి వైపు చూశాను. ఈ గదిలో ఆశ్చర్యపోని మనిషి ఆయనొక్కడే. పొద్దుటి నుంచి ఆయన నాన్న వైపు ఎందుకు చూస్తున్నాడో, నోరెందుకు విప్పలేదో అప్పుడు తెలిసింది. ఆయనకి చెవి సగం తిప్పే కిటుకు తెలియదు. ఎవరు విప్పారో మాత్రం తెలుసు. తెలిసీ, దొంగ అన్న మాట మూటలో కట్టుకుని వెళ్ళిపోబోయాడు. అలాంటి మనిషిని ఇందాక నేను అనుమానించాను.

"అయిపోయింది కదండీ పెద్దాయనా" అన్నాడు మేస్త్రి మెల్లగా. "ఇంక మీరే చెప్పండి. నేను చెబితే బాబు మళ్ళీ నన్నే దొంగంటాడు."

అన్నయ్య ఏదో అనబోయి, మేస్త్రి మొహం చూసి, అనలేక కిందపడిన ఆకురాయిని తీసి ఆయన మూట పక్కన పెట్టాడు. చేతకాని క్షమాపణే గానీ, క్షమాపణే.

నాన్న పిన్నుని బల్ల మీద నిలబెట్టాడు. అడ్డంగా పడేయలేదు, నిలువుగా నిలబెట్టాడు. సూదంత సన్నని ఉక్కు పిన్ను కదలకుండా నిలబడింది. అలా నా చేత్తో కూడా నిలబెట్టలేను.

"ఆ తాళం నేనే విప్పాను. నేనే పంపించాను" అన్నాడు. నత్తి కూడా పోయింది ఆ మాటల్లో. "ఎందుకో చెబుతాను. ముందు ఆ తలుపుకి తాళం వేసి, తెర లాగండి. సాయంత్రం వచ్చేవాడికి నా చెయ్యి బాగైందన్న సంగతి తెలియకూడదు."

"వచ్చేది కాంట్రాక్టరు మనిషే కదా నాన్నా?" అన్నాడు అన్నయ్య.

"వాడికే తెలియకూడదు."

నేను తలుపు దగ్గరికి పరుగెత్తాను. తాళం ఏదీ? పెట్టె మేస్త్రి చేతిలో ఉంది, కొక్కెం చట్రం అడుగున ఉంది. అది తీయించింది నేనే. తెర తాడు కోసం చెయ్యి ఎత్తేసరికి అద్దం అవతల ముందుగదిలో చెప్పుల చప్పుడు ఆగింది. సాయంత్రం రావలసిన మనిషి అప్పుడే వచ్చి నిలబడ్డాడు. నన్ను చూసి నవ్వుతాడనుకున్నాను. ఆయన నా భుజం మీదుగా బల్ల వైపు చూస్తున్నాడు. నాన్న చెయ్యి ఇంకా ఆ పిన్ను పక్కనే ఉంది.